57.05 అడుగులు ఎక్కడి నుంచి? బెజవాడ నుంచి మోటుపల్లి దాకా సర్వే రాళ్ల వెంట

గురువారం, బెజవాడ

వరద వచ్చిందంటే మా కృష్ణలంకలో ఎవరి నోట విన్నా నంబర్లే. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలు దాటితే రెండోది. 2009 అక్టోబరులో 11.10 లక్షలు వచ్చింది, 2024 సెప్టెంబరు 2న 11.43 లక్షలు. ఇవన్నీ ఇక్కడ చాలామందికి కంఠతా వచ్చు. వీటితో పాటు ఇంకో నంబరు ఉంది, బ్యారేజీ పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు. ఆ 57.05 ఎక్కడి నుంచి కొలిచారని అడిగితే మాత్రం చాలామంది ఆగిపోతారు. నది అడుగు నుంచి కాదు, గేటు కింది నుంచీ కాదు. సముద్ర మట్టం నుంచి. సముద్రమేమో ఇక్కడికి డెబ్భై ఎనభై కిలోమీటర్లు. మరి ఆ మట్టాన్ని ఇక్కడిదాకా ఎవరు తెచ్చారు, దారిలో ఏ రాళ్ల మీద గుర్తులు పెట్టుకుంటూ తెచ్చారు, ఆ రాళ్లు ఇప్పుడు ఏ పనికి వస్తున్నాయి? ఈ ప్రశ్నలతోనే పెదనాన్నను వెంటబెట్టుకుని బయలుదేరాను. ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు, కృష్ణా డెల్టా కాలువలన్నీ కాళ్లతో తిరిగిన మనిషి.

ముందు బ్యారేజీ మీద ఆగాం. పాత ఆనకట్టను 1852 నుంచి 1855 వరకు కట్టారు. అది దాదాపు వందేళ్లు నిలిచి 1952లో గండిపడితే, దాని బదులు కట్టిన ఈ బ్యారేజీ 1957లో పూర్తయింది. పొడవు 1,223.5 మీటర్లు. నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఏమిటంటే, ఆనకట్ట కట్టేనాటికి దేశం మొత్తానికి ఒకే సముద్ర మట్టం అనేది ఇంకా ఏర్పడనే లేదు. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల లెవెలింగ్, అంటే ఒక చోటి ఎత్తు నుంచి ఇంకో చోటి ఎత్తు కొలుచుకుంటూ పోవడం, మొదలైందే 1858లో.

మధ్యాహ్నం ఒక కాలువ గట్టు వెంట వెళ్తుంటే పెదనాన్న కారు ఆపించారు. పాత కల్వర్టు, చూడ్డానికి అందులో ఏమీ లేదు. ఆయన పిట్టగోడ చివర కూర్చుని తాళంచెవితో నాచు గీకడం మొదలుపెట్టారు. నాచు కింద సున్నం, ఆ సున్నం కింద ఇంకో పొర సున్నం, దాని కింద రాయి. రాతి మీద బెత్తెడు పొడవున ఒక అడ్డగీత, ఆ గీతను కింది నుంచి తాకుతూ బాణం మొన. ఉలి దెబ్బలు ఒక్కొక్కటీ వేలికి తెలుస్తున్నాయి. గీత లోపలి అంచు ఇంకా పదునుగానే ఉంది, సున్నమే దాన్ని కాపాడిందనుకుంటాను. "ఇది బీఎం, బెంచ్‌మార్క్. ఈ గీతకు ఒక ఆర్.ఎల్. ఉంటుంది, అంటే సముద్ర మట్టం నుంచి దీని ఎత్తు, రిజిస్టర్లో రాసి ఉంటుంది. డంపీ లెవెల్ దుర్బిణీ పెట్టి దీని మీద స్టాఫ్, అంటే కొలబద్ద, నిలబెడితే బ్యాక్ సైట్, అంటే మొదటి రీడింగు, వస్తుంది, అక్కడి నుంచి మొదలెడితే ఊరంతటికీ ఎత్తులు వచ్చేస్తాయి" అన్నారు.

డెల్టాలో ఇది ఎంత ముఖ్యమో లెక్క వేస్తే తెలుస్తుంది. 57 అడుగుల నుంచి సున్నాకు రావడానికి డెబ్భై ఎనభై కిలోమీటర్లు పడుతుంది, అంటే కిలోమీటరుకు ఒక్క అడుగు కూడా వాలు లేదు. ఇంత చదును నేలలో లెవెల్ అరడుగు తప్పిందంటే కాలువ చివరి పొలానికి నీరు ఎక్కదు, మురుగు కాలువ నీళ్లేమో వెనక్కి తంతాయి. బెంచ్‌మార్క్ ఒక్కటి పోతే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

సాయంత్రం సింగ్ నగర్ వైపు వెళ్లాం. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచింది ఈ ప్రాంతాన్నే. గోడల మీద నీటి చార ఇంకా కనిపిస్తూనే ఉంది. ఒకాయన తన ఇంటి ముందు ఆ చార మీదుగా ఎర్ర రంగుతో గీత గీసి తేదీ రాసుకున్నారు. పెదనాన్న ఆ పని మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఆయనతో అన్నారు, "గీత ఒక్కటే చాలదండీ. రేపు రోడ్డు రెండడుగులు ఎత్తు చేశారంటే ఈ నడుము లోతు నీళ్లు మోకాలి లోతుకు వస్తాయి. ఈ గీత సముద్రానికి ఎంత ఎత్తున ఉందో దగ్గర్లోని బీఎం నుంచి తెచ్చి పక్కన రాయించండి, అప్పుడది యాభై ఏళ్ల తర్వాత కూడా పనికొస్తుంది." కాలువలు తవ్వడానికి పెట్టుకున్న గుర్తు ఇప్పుడు వరదను గుర్తుపెట్టుకోవడానికి కావలసి వస్తోంది. ఈ ప్రయాణంలో నేను చూడబోయేదంతా ఇలాంటిదేనని నాకు అక్కడే అర్థమైంది.

శుక్రవారం, బందరు

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు. రోడ్డు బాగుంది, రెండు గంటలు కూడా పట్టలేదు. ఉయ్యూరులో టిఫిను.

బందరంటే అందరికీ డచ్చివాళ్ల సమాధులు, కలంకారీ, లడ్డూ గుర్తొస్తాయి. నేను వెళ్లింది మైకేల్ టాపింగ్ కోసం. ఈయన మద్రాసు కంపెనీ ప్రభుత్వంలో సముద్ర తీరాల సర్వేయరు. 1780లలో బందరు నుంచి కలకత్తా దాకా భూమార్గాన వెళ్తూ, నక్షత్రాలను చూసి తీరం వెంట అక్షాంశ రేఖాంశాలు కట్టుకుంటూ పోయాడు. మన తీరం ఓడలకు ప్రమాదమైనది. కొండ ఉండదు, గుట్ట ఉండదు, దగ్గరికి వచ్చేదాకా నేల కనిపించదు, కనిపించేసరికి ఓడ ఇసుక మేటలోకి వచ్చేసి ఉంటుంది. అప్పట్లో నావికులకు గుర్తులంటే గుడి గోపురం, జెండా కర్ర, ఎత్తయిన తాటితోపు. దివి దగ్గరైతే ఒక మొనను చూసి ఇంకో మొన అని పొరబడేవాళ్లేమో, పటాల్లో ఒకదానికి ఫాల్స్ దివి పాయింట్ అనే పేరే స్థిరపడిపోయింది. తీరంలో ఏ చోటు ఏ రేఖాంశం మీద ఉందో తెలియకపోతే పటం ఉన్నా ప్రయోజనం లేదని టాపింగ్ పట్టుబట్టబట్టే మద్రాసులో 1792లో అబ్జర్వేటరీ భవనం లేచింది. 1794లో సర్వే పాఠశాల ఎనిమిది మంది పిల్లలతో మొదలైంది, అదే తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. టాపింగ్ 1796 జనవరిలో ఈ బందరులోనే జ్వరంతో చనిపోయాడు.

ఆయన పోయిన ఆరేళ్లకు, 1802 ఏప్రిల్ 10న, విలియం లాంబ్టన్ మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర మొదటి బేస్‌లైన్, అంటే త్రిభుజాలకు ఆధారమయ్యే తొలి గీత, నేల మీద కొలవడం మొదలుపెట్టాడు. ఏడున్నర మైళ్లు కొలవడానికి 57 రోజులు పట్టింది. వంద అడుగుల ఉక్కు గొలుసును చెక్క పెట్టెల్లో పరిచి, ఎండకు ఎంత సాగుతుందో చూడటానికి పక్కన థర్మామీటర్లు పెట్టి కొలిచారు. ఆ ఒక్క కొలత నుంచే త్రిభుజాలు అల్లుకుంటూ దేశమంతా కట్టుకొచ్చారు. త్రిభుజం కట్టాలంటే ఒకచోటి నుంచి ఇంకోచోటు కనబడాలి, అందుకే కొండ దొరికితే కొండ, దొరక్కపోతే గోపురం. కోణాలు కొలిచే అర టన్ను థియోడొలైట్‌ను 1808లో తంజావూరు గుడి మీదికి లాగుతుంటే తాడు తెగి అది గోడకు కొట్టుకుంది, లాంబ్టన్ వారాల తరబడి కూర్చుని తన చేతులతోనే సరిచేసుకున్నాడు. మన వైపు తీరానికి ఆధారంగా 1862-63లో విశాఖపట్నం దగ్గర ఇంకో బేస్‌లైన్ కొలిచారు.

సరిగ్గా ఆ తర్వాతి ఏడాదే, 1864 నవంబరు 1 రాత్రి, బందరు మీద ఉప్పెన పడింది. దాదాపు ముప్పై వేల మంది పోయారు. పట్నం మళ్లీ పాత స్థితికి రాలేదు. కోట దగ్గర మిగిలిన గోడల మధ్య తిరుగుతుంటే నాకు టాపింగ్ కన్నా ఆ రాత్రే ఎక్కువ గుర్తొచ్చింది.

మంగినపూడిలో లైట్‌హౌస్ దగ్గర ఒక మత్స్యకారుడితో చాలాసేపు మాట్లాడాం. బోటులో జీపీఎస్ ఉంది, చేప పడిన చోటు దాన్లో పెట్టుకుంటారు. అయినా ఒడ్డుకు వచ్చేటప్పుడు లైట్‌హౌస్ ఏ వైపు ఉందో కంటితో చూడకుండా మొగలోకి, అంటే సముద్రం నుంచి లోపలికి వచ్చే నీటి దారిలోకి, రానంటాడు. పోటు ఎప్పుడు, పాటు ఎప్పుడు అని పెదనాన్న అడిగితే తిథి చెప్పి గంట చెప్పేశాడు.

నా ప్రశ్నకు జవాబు కూడా ఆ పోటు పాటుల్లోనే ఉంది. సముద్రం ఒక మట్టంలో నిలబడదు కదా, మరి సున్నా అని దేన్ని అనాలి? రేవుల్లో గేజీలు పెట్టి పోటూ పాటూ ఏళ్ల తరబడి రాసుకుని సగటు తీశారు. అలా తొమ్మిది చోట్ల: కరాచీ, బొంబాయి, కార్వార్, బేపూర్, కొచ్చిన్, నాగపట్నం, మద్రాసు, విశాఖపట్నం, ఒడిశాలో ఫాల్స్ పాయింట్. ఆ తొమ్మిది చోట్లా సగటు మట్టాన్ని సున్నాగా పట్టుకుని, 1858 నుంచి రాయి మీద రాయి కలుపుకుంటూ వచ్చిన లెవెళ్లన్నింటినీ సర్దారు. అది 1909కి పూర్తయింది. రైల్వే స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు కింద రాసే ఎత్తుకు మూలం ఆ రేవుల్లో రాసిపెట్టిన పోటు పాటులే.

"తొమ్మిది చోట్లా సముద్రం ఒకే మట్టంలో ఉంటుందా?" అని అడిగాను. "ఉండదమ్మా, వాళ్లు ఉందనుకున్నారు" అన్నారు పెదనాన్న. నిజంగానే అది ఆ లెక్కలోని లోపం. అందుకే ఇటీవల గురుత్వాకర్షణ కొలతలు కూడా కలిపి కొత్త మట్టాన్ని కట్టారు. కానీ ఆ పాత అంచనా మీదే ఒక శతాబ్దం పాటు మనం కాలువలు, వంతెనలు, రైలు కట్టలు కట్టుకున్నాం, అవి పనిచేశాయి కూడా.

శనివారం, దివిసీమ

మోపిదేవిలో దర్శనం చేసుకుని అవనిగడ్డ వెళ్లాం. అక్కడికి దగ్గర్లో 1977 ఉప్పెన స్మారకం ఉంది, సముద్రం లోపలికి వచ్చి ఆగిపోయిన చోట కట్టారు. నవంబరు 19. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున సముద్రం మీదికొచ్చింది, ప్రభుత్వ లెక్కలోనే పది వేల మంది. తీరం దగ్గరి దివి నేల చాలాచోట్ల సముద్రం కన్నా ఒకటి రెండు మీటర్లే ఎత్తు. ఐదులో రెండు తీసేస్తే మనిషి మీద ఎంత నీరు నిలిచిందో తెలుస్తుంది. ఈ స్మారకాన్ని అందరూ స్మృతి చిహ్నంగానే చూస్తారు, నా దృష్టిలో అది సర్వే రాయి కూడా. సముద్రం ఎంతదూరం రాగలదో నేల మీద చూపిస్తోంది. షెల్టరు ఎక్కడ కట్టాలి, బడి అరుగు ఎంత ఎత్తున ఉండాలి అని ఎవరు అడిగినా ముందు ఇక్కడికి తీసుకొచ్చి చూపించాలి.

పెదనాన్న అప్పుడు ఉద్యోగంలో కొత్త. ఉప్పెన తర్వాత కాలువ కట్టలు సరిచేయడానికి పంపిన వాళ్లలో ఆయనా ఉన్నారు. ఆ రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ మాట్లాడరు, అక్కడ కూడా మనుషుల గురించి ఎక్కువ చెప్పలేదు, రాళ్ల గురించి చెప్పారు. "కట్ట ఎక్కడుందో తెలియదు, పొలమేదో కాలువేదో తెలియదు, అంతా ఒకటే బురద. కట్ట మళ్లీ పోయాలంటే ఎత్తు కావాలి కదా. మా ఓవర్సీరుగారు రిజిస్టరు పట్టుకుని బీఎంలు వెతకమన్నారు. రెండు రోజులు వెతికాం. చివరికి ఒక తూము రెక్కగోడ దొరికింది, గడ్డీ బురదా కడిగితే గుర్తు ఉంది. ఓవర్సీరుగారు దాని ముందు కూర్చుని ఏడ్చేశారు. మర్నాడు దాని మీద స్టాఫ్ పెట్టి పని మొదలెట్టాం."

ఆ తూము ఇప్పుడు లేదు, కొత్తది కట్టారు.

కోడూరు మీదుగా హంసలదీవి వేణుగోపాలస్వామి గుడి, అక్కడి నుంచి పాలకాయతిప్ప బీచ్. ఆ పైన సంగమం దాకా ఇసుకే, ఒక పక్క మడ అడవులు. ఇక్కడ ఫోన్లో సవరణ చేయని జీపీఎస్ ఎత్తు చూపించే యాప్ తెరిచాను. అలలు పాదాలకు తగులుతున్నాయి, ఎత్తు చూస్తే మైనస్ డెబ్భై ఎనభై మీటర్ల దరిదాపుల్లో చూపిస్తోంది. ఫోను పాడవలేదు. ఉపగ్రహాలు కొలిచేది నున్నటి ఊహా గోళం నుంచి, సముద్రం నిలబడేదేమో గురుత్వాకర్షణను బట్టి. మన వైపు గురుత్వం తక్కువ కాబట్టి సముద్రమే ఆ గోళం కన్నా పల్లంలో ఉంది, శ్రీలంకకు దక్షిణాన అయితే ఆ పల్లం 106 మీటర్ల దాకా పోతుంది. అందుకే ఉపగ్రహం వచ్చినా రాయి పని అయిపోలేదు. ఆకాశం నుంచి వచ్చిన ఎత్తును కాలువలో నీళ్లకు అర్థమయ్యే ఎత్తుగా మార్చాలంటే, రెండు రకాల ఎత్తులూ తెలిసిన బెంచ్‌మార్కులు నేల మీద ఉండి తీరాలి.

ఇంకో కారణం కూడా ఉంది, అసలు నాకు టెన్షన్ అక్కడే. పైన డ్యాములు కట్టాక కృష్ణమ్మ తెచ్చే ఒండ్రు బాగా తగ్గిపోయింది. ఒండ్రు పడని డెల్టా మెల్లగా కుంగుతుంది, మొగల దగ్గర తీరం కోసుకుపోతుంది. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని మనం బళ్లో చదువుకున్నాం, ఇటీవల వివరమైన పటాల మీద మళ్లీ కొలిస్తే 1,053 కిలోమీటర్లని తేలింది. అది తీరం పెరగడం కాదు, వంపులను దగ్గరగా కొలవడం. కుంగడం సంగతి అలా పటం మీద తేలదు. ఒక రాయి ఎత్తు అరవై ఏళ్ల కింద ఎంత, ఇప్పుడు ఎంత అని పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. కాబట్టి పాత బెంచ్‌మార్క్ ఉన్న తూమును పగలగొట్టినప్పుడల్లా, కొత్త దాని మీదికి ఎత్తు మార్చి రాసుకోకుండా పగలగొడితే, మన కాళ్ల కింద నేల ఎంత దిగిందో చెప్పగల సాక్షిని మనమే పోగొట్టుకున్నట్టు.

ఆదివారం, మోటుపల్లి మీదుగా గుంటూరు

పులిగడ్డ-పెనుమూడి వంతెన దాటి రేపల్లె. నిజాంపట్నం హార్బరు చూసుకుని బాపట్ల, చీరాల మీదుగా చినగంజాం మండలంలోని మోటుపల్లి చేరేసరికి ఎండ మండిపోతోంది.

ఇక్కడ వీరభద్రస్వామి గుడిలో కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244-45 నాటిది. పూర్వపు రాజులు తుపానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పడిన ఓడల్లోని సొమ్మంతా లాగేసుకునేవాళ్లు. ప్రాణం కన్నా ధనం మిన్న అనుకుని సముద్రం మీద తెగించి వచ్చేవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోం అని ఈయన రాయించాడు. సుంకం ముప్పైకి ఒకటి. 1358లో అనపోతారెడ్డి కూడా ఇక్కడే వర్తకులకు అభయమిస్తూ ఇంకో శాసనం వేయించాడు.

ఇది సర్వే రాయి కాదని నాకు తెలుసు. అయినా పనిగట్టుకుని ఇంత దూరం రావడానికి కారణముంది. తీరంలో రాయి పాతి, దూరం నుంచి వచ్చేవాడికి ఇక్కడ నీకు భద్రత ఉందని చెప్పే అలవాటు మనకు లాంబ్టన్‌తో రాలేదు. గణపతిదేవుడి రాయి ఓడ పగిలి ఒడ్డున పడినవాడికి చెప్పింది. లైట్‌హౌస్ ఓడ పగలకముందే చెబుతుంది. అవనిగడ్డ స్మారకం ఒడ్డున ఉన్నవాళ్లకు చెబుతోంది. పెదనాన్న మాత్రం అక్షరాల కన్నా రాయి నునుపు ఎక్కువ చూశారు, ఇంతటి పనివాళ్లు ఎక్కడివాళ్లో అంటూ చుట్టూ తిరిగారు.

తిరుగు దారిలో పొన్నూరు దాటాక రోడ్డు పక్క పొలాల్లో భూముల రీసర్వే రాళ్లు కనిపించాయి. 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలైన రీసర్వేలో పాతినవి. ఉపగ్రహ సంకేతాలు అందుకునే బేస్ స్టేషన్ల ఆధారంగా హద్దులు కట్టి పాతారు. వాటి మీద చెక్కిన అప్పటి ముఖ్యమంత్రి పేరు గురించి ప్రభుత్వం మారాక పెద్ద రగడే జరిగింది, పేర్లు తీసేయాలన్నారు. నా మాట ఒక్కటే, పేరు చెరపాలంటే చెరపండి, రాయిని మాత్రం కదపకండి. ఒక రైతు ఆ రాయికి గేదెను కట్టేసి ఉంచాడు. పెదనాన్న దిగి వెళ్లి, "బాబూ, పక్కన గుంజ పాతుకో, గేదె లాగితే రాయి ఒరుగుతుంది, ఒరిగితే నీ హద్దే కదా పోయేది" అని నచ్చజెప్పారు. అతను వెంటనే విప్పేశాడు. పాత హద్దు రాయి ఏదని అడిగితే ఇంటి ముందు చూపించాడు, బట్టలు ఉతుక్కుంటున్నారు.

గుంటూరు చేరేసరికి రాత్రయింది. భోజనం దగ్గర పెదనాన్న చెబుతుంటే రాసుకున్నవి ఇక్కడ పెడుతున్నాను, ఎవరికైనా పనికొస్తాయి. మీ ఊరి తూము మీద, లాకు గోడ మీద, పాత సత్రం మెట్టు మీద, కొండ మీది బండ మీద బాణం గుర్తో, జీటీఎస్ (లాంబ్టన్ మొదలెట్టిన గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే) అనో, బీఎం అనో అక్షరాలు కనిపిస్తే దగ్గరగా ఒక ఫొటో, దూరంగా చుట్టుపక్కల కనిపించేలా ఇంకోటి తీయండి. దగ్గరి ఫొటోలో పక్కన ఒక స్కేలు పెట్టండి. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి తీయండి. పసుపు కుంకుమ పెట్టి ఉంటే ఉండనివ్వండి, సిమెంటు మాత్రం మెత్తనివ్వకండి. ఆ కట్టడాన్ని కొత్తగా కడుతున్నారని తెలిస్తే పగలగొట్టకముందే ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరు) కాగితం మీద రాసివ్వండి, లెవెల్ పక్కకు మార్చుకోవడానికి వాళ్లకు ఒక్క పూట పని.

తర్వాత మద్రాసు వెళ్లాలి. నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో టాపింగ్ నాటి అబ్జర్వేటరీ గ్రానైట్ స్తంభం ఇంకా నిలబడి ఉంది, దాని మీద లాటిన్, తమిళంతో పాటు తెలుగులో కూడా చెక్కారు. ఆ తెలుగు అక్షరాలు చదివి రావాలి. ఈసారి పెదనాన్న రైల్లోనే వస్తానంటున్నారు, ప్రతి స్టేషన్ బోర్డు మీద ఎత్తు రాసుకుంటూ వెళ్లొచ్చని.